హెపటైటిస్-ఇ: 1955లో ఓపెన్ అయిన టికెట్ ఇంకా క్లోజ్ కాలేదు

ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లోనో, హాస్టల్లోనో ఎవరో ఒకరికి పచ్చకామెర్లు వచ్చే ఉంటాయి కదా? అప్పుడు ఏం చేశారు?

మీలో సగం మంది ఏం చెప్తారో నాకు తెలుసు. "ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, పొద్దున్నే పరగడుపున తాగాలి, పత్యం చెయ్యాలి, నూనె ముట్టకూడదు." నేను బీటెక్ చదివేటప్పుడు మా రూమ్‌మేట్‌కి కూడా ఇలాగే వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి, అన్నం వాసన తగిలితే చాలు వాంతి. వాళ్ల నాన్న వచ్చి ఊరికి తీసుకెళ్లి పసరు పోయించారు. నెల తిరిగేసరికి వాడు మళ్లీ క్లాసులో ఉన్నాడు. "చూశావా మామా, పసరు పవర్" అన్నాడు. నేను కూడా నిజమే అనుకున్నాను.

ఇప్పుడు సీన్ కొంచెం మారుద్దాం. కామెర్లు వచ్చింది ఇరవై ఏళ్ల కుర్రాడికి కాదు, ఎనిమిదో నెల గర్భిణికి. ఇంట్లో వాళ్లు మళ్లీ అదే పసరు దగ్గరికే తీసుకెళ్లారు. ఈసారి కథ వేరేలా ముగియొచ్చు. ఎందుకంటే కామెర్లు తెచ్చే వైరస్‌లలో ఒకటి మిగతావాళ్ల కంటే గర్భిణుల మీద ఎక్కువగా విరుచుకుపడుతుంది. దాని పేరు హెపటైటిస్-ఇ. దాన్ని ఎలా కనిపెట్టారో చెప్పే కథే ఇవాళ్టి ఎపిసోడ్. ఆ కథ చాలావరకు మన దేశంలోనే జరిగింది.

కామెర్లు అసలు జబ్బు పేరే కాదు

ముందు ఒక బేసిక్ విషయం. కామెర్లు జబ్బు కాదు, లక్షణం. యాప్ క్రాష్ అయితే "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని ఒక మెసేజ్ వస్తుంది కదా, అలాంటిది. ఏదో పోయిందని తెలుస్తుంది గానీ ఏం పోయిందో తెలీదు. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని బయటకి పంపే పని లివర్‌ది. లివర్ దెబ్బతింటే అది రక్తంలోనే పేరుకుపోయి కళ్లు, చర్మం పచ్చబడతాయి.

లివర్ ఎందుకు దెబ్బతింది అన్నదానికి మాత్రం చాలా సమాధానాలు ఉన్నాయి. వైరస్‌ల లెక్కే తీసుకుంటే ఎ, బి, సి, డి, ఇ అని ఐదు. బి, సి, డి ముఖ్యంగా రక్తం ద్వారా వస్తాయి. ఎ, ఇ మాత్రం మురుగు కలిసిన నీళ్లు, తిండి ద్వారా. 1955లో ఈ లిస్ట్ ఎవరి దగ్గరా లేదు. నీళ్ల నుంచి వచ్చే కామెర్లు అంటే ఒకటే రకం అనుకునేవాళ్లు. అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఢిల్లీ, 1955: టికెట్ ఓపెన్

ఆ ఏడాది వరదల తర్వాత ఢిల్లీలో యమున తన దారి కొంచెం మార్చుకుంది. వజీరాబాద్ దగ్గర ఊరికి నీళ్లు తోడే పంపింగ్ స్టేషన్ ఉండేది. నది పాయ దానికి దూరంగా జరిగింది. కాస్త కిందుగా నజఫ్‌గఢ్ నాలా, అంటే ఊరి మురుగు మోసే కాలువ, యమునలో కలుస్తుంది. నదిలో నీళ్ల ఒత్తిడి తగ్గేసరికి ఆ మురుగు వెనక్కి తన్ని పంపింగ్ స్టేషన్ వరకు వచ్చేసింది. ఇది నవంబర్ సంగతి.

వాటర్ వర్క్స్ వాళ్లు చూస్తూ ఊరుకోలేదు. క్లోరిన్ మోతాదు పెంచారు. అది పనిచేసింది కూడా. మురుగు నీళ్లు తాగితే మామూలుగా రావాల్సిన టైఫాయిడ్, విరేచనాల కేసులు పెరగలేదు. గండం గడిచింది అనుకున్నారు.

డిసెంబర్ మొదట్లో కామెర్లు మొదలయ్యాయి. జనవరి చివరికల్లా దాదాపు 29,000 మందికి పచ్చకామెర్లు వచ్చినట్టు లెక్క తేలింది. క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చింది, వైరస్ మాత్రం దాటుకుని కుళాయిలోకి వచ్చేసింది. మురుగు కలిసిన వారానికీ కేసులు ఉప్పెనలా వచ్చిన రోజులకీ మధ్య సుమారు ఆరు వారాల తేడా ఉంది. ఈ ఆరు వారాలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డాక్టర్ ఆర్. విశ్వనాథన్ అనే ఆయన ఈ మహమ్మారిని చాలా వివరంగా స్టడీ చేసి 1957లో ప్రచురించారు. అందులో రెండు వింతలు ఉన్నాయి. ఒకటి, జబ్బు పడ్డవాళ్లలో చిన్నపిల్లల కంటే యువత ఎక్కువ. రెండు, మామూలు జనం ఎక్కువగా కోలుకున్నారు గానీ గర్భిణుల్లో మరణాలు ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఏదైనా లోపం కనిపిస్తే టికెట్ ఓపెన్ చేస్తారు. ఎప్పుడు, ఎవరికి, ఏం జరిగింది అని రాసిపెడతారు. విశ్వనాథన్ గారి రిపోర్ట్ అలాంటి టికెట్. అందులో అన్నీ ఉన్నాయి, కారణం తప్ప. అప్పట్లో తెలిసిన విజ్ఞానం ప్రకారం దాన్ని నీళ్ల ద్వారా వచ్చే మామూలు కామెర్ల కిందే, అంటే తర్వాత హెపటైటిస్-ఎ అని పిలిచిన దాని కిందే జమ కట్టేశారు. అలా 20 ఏళ్లకు పైగా గడిచిపోయింది.

కాశ్మీర్, 1978: లెక్క కుదరడం లేదు

1978 నవంబర్‌లో కాశ్మీర్ లోయ గ్రామాల్లో కామెర్లు మొదలయ్యాయి. శ్రీనగర్‌లో పనిచేస్తున్న మహమ్మద్ సుల్తాన్ ఖురూ అనే డాక్టర్ ఆసుపత్రిలో కూర్చోకుండా గ్రామాల్లోకి వెళ్లారు. ఇంటింటికీ తిరిగి ఎవరికి వచ్చింది, వయసెంత, ఏ నీళ్లు తాగుతున్నారు, గర్భంతో ఉన్నారా అని లెక్క రాసుకున్నారు. తర్వాత ఆయన వేసిన అంచనా ప్రకారం ఆ చలికాలంలో సుమారు 200 గ్రామాల్లో 52,000 మందికి కామెర్లు వచ్చాయి, 1,700 మంది చనిపోయారు.

ఇక్కడ ఢిల్లీకి, కాశ్మీర్‌కి మధ్య ఒక తేడా ఉంది. 1978 నాటికి హెపటైటిస్-ఎ, బి రెండింటికీ రక్తపరీక్షలు వచ్చేశాయి. ఖురూ తన రోగుల శాంపిల్స్ పరీక్షిస్తే ఎ కాదు, బి కాదు.

లాజిక్‌గా ఆలోచించినా ఎ కాకూడదు. ఎందుకో చూడండి. మన దేశంలో ఆ రోజుల్లో హెపటైటిస్-ఎ దాదాపు అందరికీ చిన్నప్పుడే వచ్చిపోయేది, పిల్లల్లో చాలాసార్లు తెలియకుండానే. ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ. మరి ఆ రక్షణ ఉన్న పాతికేళ్ల, ముప్పై ఏళ్ల వాళ్లకి వేల సంఖ్యలో మళ్లీ అదే జబ్బు ఎలా వస్తుంది? రాదు. అంటే ఇది వేరే వైరస్. 1980లో ఖురూ ఇదే రాశారు: మనిషికి కామెర్లు తెచ్చే మరో కొత్త వైరస్ ఉండే అవకాశం ఉందని.

1981లో ఆయన ఇంకో పేపర్ వేశారు. గర్భిణుల మీద. ఆయన చూసిన 208 మంది గర్భిణుల్లో 36 మందికి కామెర్లు వచ్చాయి, అంటే 17 శాతం. అదే ప్రాంతంలో గర్భం లేని ఆడవాళ్లలో 2 శాతం, మగవాళ్లలో 3 శాతం లోపు. జబ్బు పడ్డ ఆ 36 మందిలో ప్రతి నలుగురైదుగురికి ఒకరి చొప్పున లివర్ పూర్తిగా ఫెయిల్ అయ్యింది. గర్భం లేని ఆడవాళ్లలో ఒక్కరికి కూడా అలా జరగలేదు.

ఢిల్లీ టికెట్‌లో ఒక లైన్‌గా ఉండిపోయిన విషయం ఇక్కడ పక్కా లెక్కగా మారింది.

ఫ్రీజర్‌లో పాత లాగ్స్

ఇంకో గొప్ప పని జరిగింది. 1955 ఢిల్లీ రోగుల రక్తం నుంచి తీసిన సీరం కొంత ఎవరో జాగ్రత్తగా దాచిపెట్టారు. పాతికేళ్ల తర్వాత, కొత్త పరీక్షలు వచ్చాక, పుణె నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి చెందిన ఖోర్షెద్ పావ్రీ, అమెరికాకు చెందిన రాబర్ట్ పర్సెల్, వాళ్ల టీమ్ ఆ పాత శాంపిల్స్‌ని బయటకి తీసి పరీక్షించారు. ఫలితం 1980లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ రక్తంలో హెపటైటిస్-ఎ యాంటీబాడీలు ఉన్నాయి, కానీ అవి పాతవి, ఎప్పుడో చిన్నప్పుడు వచ్చినవి. అప్పుడే కొత్తగా వచ్చిన ఇన్‌ఫెక్షన్ గుర్తులు లేవు. అంటే ఢిల్లీ మహమ్మారి కూడా హెపటైటిస్-ఎ కాదు.

సర్వర్ లాగ్స్ డిలీట్ చేయకుండా ఉంచితే ఎప్పుడో ఒకరోజు పనికొస్తాయి అంటారు కదా. 25 ఏళ్ల తర్వాత కూడా పనికొచ్చాయి.

వైరస్‌ని తాగేసిన సైంటిస్ట్

ఇప్పుడు అందరికీ తెలుసు, ఏదో ఒకటి ఉందని. కానీ ఎవరూ చూడలేదు. చూసింది మిఖాయిల్ బలయాన్ అనే సోవియట్ వైరాలజిస్ట్.

అప్పట్లో అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న సోవియట్ సైనికుల్లో ఇలాంటి కామెర్లే వచ్చాయి. జబ్బు పడ్డ 9 మంది మలం శాంపిల్స్ నుంచి తీసిన ద్రావణాన్ని బలయాన్ తానే తాగేశారు. అవును, మీరు సరిగ్గానే విన్నారు. ఆయనకి హెపటైటిస్-ఎ రక్షణ ముందే ఉంది, కాబట్టి ఇప్పుడు కామెర్లు వస్తే అది కచ్చితంగా వేరే వైరస్ వల్లే అని లెక్క.

36వ రోజున ఆయనకి జబ్బు చేసింది, కామెర్లు వచ్చాయి. ఢిల్లీలో సుమారు ఆరు వారాల తేడా అన్నాను, గుర్తుందా? టైమింగ్ దాదాపు కలిసిపోయింది. తన మలాన్నే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చిన్న గుండ్రటి కణాలు కనిపించాయి. ఆయన కోలుకున్నాక రక్తంలో వాటికి యాంటీబాడీలు కూడా తయారయ్యాయి. తర్వాత కోతులకి ఎక్కిస్తే వాటికీ అదే ఇన్‌ఫెక్షన్ వచ్చింది. 1983లో ఇది పబ్లిష్ అయ్యింది. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఇలాంటి దానికి ఒప్పుకోదు, మీరు కూడా ట్రై చేయకండి.

1990లో అమెరికాలో గ్రెగరీ రేయెస్ టీమ్ వైరస్ జన్యు పదార్థాన్ని క్లోన్ చేసింది. మరుసటి ఏడాదికి మొత్తం సీక్వెన్స్ వచ్చేసింది. ఎంత పెద్దది అనుకుంటున్నారు? సుమారు 7,200 అక్షరాలు. టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేస్తే 7 కేబీ. మీ ఫోన్‌లో ఒక గుడ్ మార్నింగ్ ఇమేజ్ కంటే చాలా చిన్నది. ఎ, బి, సి, డి పేర్లు అప్పటికే అయిపోయాయి కాబట్టి దీనికి హెపటైటిస్-ఇ అనే పేరు వచ్చింది. టికెట్ ఓపెన్ అయిన 35 ఏళ్లకి రూట్ కాజ్ దొరికింది.

ఒక్క వైరస్ కాదు, రెండు రకాల ప్రవర్తన

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నారు. కానీ 1997లో అమెరికాలో పందుల్లో దీని చుట్టం లాంటి వైరస్ దొరికింది. 2003లో జపాన్‌లో పచ్చి జింక మాంసం తిన్నవాళ్లకి హెపటైటిస్-ఇ వచ్చింది. ఫ్రీజర్‌లో మిగిలిన ఆ మాంసంలోనే అదే వైరస్ పట్టుబడింది. 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు అవయవ మార్పిడి చేయించుకున్న వాళ్లలో ఈ ఇన్‌ఫెక్షన్ నెలల తరబడి ఉండిపోతోందని చూపించారు. అప్పటిదాకా ఇది వచ్చి పోయే జబ్బే అనుకునేవాళ్లు.

ఇప్పుడు సైన్స్ చెప్పేది ఇది. మనుషుల్లో ముఖ్యంగా నాలుగు జీనోటైప్‌లు. 1, 2 మనుషుల్లో మాత్రమే ఉంటాయి, మురుగు నీళ్ల ద్వారా వ్యాపిస్తాయి. 3, 4 పందులు, అడవి పందులు, జింకల్లాంటి జంతువుల్లో ఉండి, సరిగ్గా ఉడకని మాంసం ద్వారా మనకి వస్తాయి. మన దేశంలో మనుషుల్లో తిరిగేది 1వ రకం. గర్భిణులకి ప్రాణాంతకం అయ్యేది కూడా ముఖ్యంగా అదే. గర్భంలో శరీరపు రోగనిరోధక వ్యవస్థ, హార్మోన్లు మారతాయి కాబట్టి ఇలా జరుగుతోందని అంటారు గానీ పూర్తి కారణం మీద ఇంకా పరిశోధన నడుస్తూనే ఉంది.

హైదరాబాద్, 2005

ఇదంతా ఢిల్లీ, కాశ్మీర్ కథ అనుకుంటున్నారా? 2005 ఎండాకాలం హైదరాబాద్‌కి రండి. మార్చి నుంచి ఆగస్టు దాకా కామెర్ల కేసులు వరసగా వచ్చాయి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ మీకు తెలుసు కదా, దాని అసలు పేరు సర్ రోనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్. ఆ ఒక్క ఆసుపత్రికే ఆ ఆరు నెలల్లో 546 మంది వచ్చారు. పరీక్షించిన వాళ్లలో ఎక్కువ మందికి హెపటైటిస్-ఇ. ఊరు మొత్తం మీద లెక్క తీసిన పరిశోధకులకి 1,600కు పైగా కేసులు తేలాయి.

ఎక్కడ ఎక్కువ అంటే, మంచినీళ్ల పైపులు ఓపెన్ నాలాలని దాటుకుంటూ వెళ్లే ఏరియాల్లో. నీళ్లు రోజంతా రావు కదా. నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు పగులు ఎక్కడ ఉంటే అక్కడ పక్కనున్న మురుగుని లోపలికి లాగేసుకుంటుంది. ప్లాంట్‌లో ఎంత శుభ్రం చేసినా మధ్యలో కలిస్తే ఏం లాభం? 1955లో నాలా వెనక్కి తన్నింది, 2005లో నాలా పైపులోకి దూరింది. 50 ఏళ్ల తేడాతో అదే బగ్.

టీకా ఉంది, మరి ఎవరికి?

ఇప్పుడు నన్ను బాగా డిస్టర్బ్ చేసిన పార్ట్.

హెపటైటిస్-ఇకి టీకా ఉంది. మొదటి పెద్ద ట్రయల్ నేపాల్‌లో జరిగింది, ఫలితాలు 2007లో వచ్చాయి. 2,000 మంది మీద పరీక్షిస్తే 95 శాతం రక్షణ. ఆ 2,000 మంది ఎవరో తెలుసా? నేపాల్ సైనికులు. దాదాపు అందరూ మగవాళ్లే. గర్భిణులని చంపే జబ్బుకి టీకాని మగ సైనికుల మీద పరీక్షించారు. అంత బాగా పనిచేసిన ఆ టీకా ఆ తర్వాత మార్కెట్‌కే రాలేదు.

రెండోది చైనా టీకా, హెకోలిన్. లక్షా 12 వేల మందికి పైగా పాల్గొన్న ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. మూడు డోసులూ వేసుకున్న వాళ్లలో తర్వాతి ఏడాదిలో ఒక్కరికి కూడా ఈ జబ్బు రాలేదు. 2011లో చైనా లైసెన్స్ ఇచ్చింది. ఆ ట్రయల్‌లో కూడా గర్భిణులని చేర్చుకోలేదు. వాళ్ల మీద డేటా లేదు కాబట్టి వాళ్లకి ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేకపోయారు. ఇవ్వలేదు కాబట్టి డేటా రాలేదు. ఇంటర్వ్యూల్లో "ఎక్స్‌పీరియన్స్ ఉంటేనే జాబ్" అంటారు చూడండి, సరిగ్గా అలాంటి లూప్.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మాట చెప్పింది: అందరికీ రొటీన్‌గా వేయమని సిఫార్సు చేయడం లేదు గానీ, జబ్బు విజృంభించిన చోట గర్భిణులతో సహా ప్రమాదంలో ఉన్నవాళ్లకి ఇవ్వడాన్ని పరిశీలించొచ్చని. అలా నిజంగా వేసింది ఎప్పుడంటే 2022లో. దక్షిణ సూడాన్‌లో బెంటియు అనే నిర్వాసితుల శిబిరంలో అక్కడి ఆరోగ్య శాఖ, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ కలిసి గర్భిణులతో సహా సుమారు 25,000 మందికి వేశారు. విజృంభణని ఆపడానికి ఈ టీకా వాడటం ప్రపంచంలో అదే మొదటిసారి. లైసెన్స్ వచ్చిన 11 ఏళ్లకి!

టీకా వేస్తే చాలు, అంతా సెట్ అని కూడా అనలేం. బంగ్లాదేశ్‌లో జరిగిన ట్రయల్ డేటాలో, గర్భం వచ్చే ముందు దగ్గర్లోనో గర్భంలోనో టీకా పడ్డవాళ్లలో గర్భస్రావాల గురించి ఒక ప్రశ్న లేచింది. దాన్ని ఇంకా జాగ్రత్తగా చూస్తున్నారు. ఈ ప్రశ్నకి సమాధానం వెతకడం ఎప్పుడో మొదలవ్వాల్సింది కదా అన్నదే నా బాధ. ఈ జబ్బు ఎవరి ప్రాణం తీస్తుందో 1957 నుంచి కాగితం మీద ఉంది. మందు వాళ్ల దాకా వచ్చేసరికి మాత్రం వాళ్లే లైన్‌లో చివర నిలబడ్డారు.

మళ్లీ పసరు దగ్గరికి

ఇప్పుడు మా రూమ్‌మేట్ కథకి వద్దాం. వాడికి వచ్చింది ఎ నా, ఇ నా, ఇంకేదైనానా అని ఎవరూ టెస్ట్ చేయలేదు. కానీ హెపటైటిస్-ఇ అయినా సరే, ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఎక్కువ మందికి రెండు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గే టైమ్‌లో ఏం తాగితే దానికే క్రెడిట్ వెళ్తుంది. కొబ్బరినీళ్లు తాగితే కొబ్బరినీళ్లకి, పసరు తాగితే పసరుకి. పసరు పోసే పెద్దాయన మోసం చేస్తున్నాడని నేను అనను. ఆయన దగ్గరికి వచ్చిన వందలో తొంభై మందికి పైగా బాగవడం ఆయన కళ్లారా చూశాడు. ఆయన నమ్మకానికి కారణం ఉంది.

కానీ ఏడో నెల దాటిన గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే చనిపోయే ప్రమాదం 20 నుంచి 25 శాతం దాకా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇక్కడ "మూడు రోజులు పసరు పోయించి చూద్దాం" అంటే ఆ మూడు రోజులే ప్రాణం ఖరీదు కావచ్చు.

అందుకే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. గర్భిణికి కళ్లు పచ్చబడితే అదే రోజు ఐసీయూ, కాన్పుల డాక్టర్లు ఇద్దరూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందే లివర్ జబ్బు ఉన్నవాళ్లకీ, అవయవ మార్పిడి అయినవాళ్లకీ ఇదే మాట. ఎవరికైనా సరే మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, రక్తస్రావం కనిపిస్తే ఆగొద్దు. జ్వరం ఉంది కదా అని సొంతంగా పారాసెటమాల్ వేసుకుంటూ పోవద్దు, లివర్‌కి అది అదనపు బరువు. ఏ హెపటైటిస్ అని అడిగి టెస్ట్ చేయించండి. ఇ కోసం ఐజీఎమ్ అనే రక్తపరీక్ష ఉంది. ఇంట్లో నీళ్ల రంగు, వాసన మారినా, వీధిలో రెండు మూడు కామెర్ల కేసులు వినిపించినా నీళ్లు బాగా మరగనిచ్చి తాగండి. నలుగురికి వస్తే వార్డు ఆఫీసులోనో పంచాయతీలోనో చెప్పండి. అది మీ ఇంటి సమస్య కాదు, పైపు సమస్య.

ఢిల్లీలో ఒక డాక్టర్ లెక్కలు రాసిపెట్టారు. ఎవరో సీరం దాచారు. కాశ్మీర్‌లో ఇంకో డాక్టర్ ఇల్లిల్లూ తిరిగారు. మాస్కోలో ఒకాయన తన ఒంటి మీదే ప్రయోగం చేసుకున్నారు. వాళ్ల పని వాళ్లు చేశారు. మిగిలింది శుభ్రమైన నీళ్లు, ఆ నీళ్లు అందేలోపు గర్భిణులని టైమ్‌కి ఆసుపత్రికి చేర్చడం. అవి రెండూ అయ్యేదాకా ఈ టికెట్ ఓపెన్‌లోనే ఉంటుంది.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ కడుపుతో ఉన్న అక్కో, వదినో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకంటే ముందు వాళ్ల అత్తగారికి పంపండి. పసరు నిర్ణయం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.